బీరువా వెనక గీరువా ఎవరు?

‘గింబూ గీరువా’ అనే నా బొమ్మల పుస్తకం గురించి గత నెల ఈ శీర్షికలో రాశాను. ఇంట్లో ఎవరికీ కనబడకుండా తిరిగే చిన్న చిన్న జీవుల మీద అల్లిన పాటల పుస్తకం అది. మొత్తం 24 పేజీలు. నాలుగు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలకు పెద్దవాళ్ళు పైకి చదివి వినిపించడానికి రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని గురించే ఉన్నాయి కనుక మిగతావి పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

*

ప్రశ్న: గింబు అనే పేరు ఎక్కడిది? మా ఐదేళ్ళ అబ్బాయి రోజూ అడుగుతున్నాడు. పురాణాల్లో ఎక్కడైనా ఉందా?
– ఒక తల్లి, తెనాలి

పురాణాల దాకా వెళ్ళనక్కర్లేదమ్మా, మీ వంటింట్లో రోజూ వినబడే మాటే అది. మూడేళ్ళ కిందట మా మనవరాలు సెలవులకు వచ్చింది. అప్పటికి దానికి నాలుగేళ్ళు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన కమ్ముకొచ్చింది. పెరట్లో బోరింగు దగ్గర తోమి బోర్లించిన సామాను ఉంది. “చెంబూ గింబూ లోపల పెట్టండి, మట్టి చిందుతుంది” అని వంటింట్లోంచి కేక వేశాను. కాసేపటికి మనవరాలు చెంబును రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని గుమ్మంలో నిలబడింది. అడుగున సొట్ట పడిన ఇత్తడి చెంబు, మా అత్తగారి నాటిది. గౌను ముందంతా తడిసిపోయింది. చెంబు నా చేతికిచ్చి, మళ్ళీ పెరట్లోకి చూస్తూ, “అమ్మమ్మా, గింబు కనబడలేదు. వానలో ఎటో వెళ్ళిపోయింది” అంది. ఆ గొంతులో ఆట లేదు, బెంగ ఉంది.

నేను 31 ఏళ్ళు బడిలో తెలుగు చెప్పాను. ఇలాంటివాటిని ప్రతిధ్వని పదాలంటారని, ‘చెంబూ గింబూ’ అంటే చెంబు, దానిలాంటి మిగతా సామాను అని అర్థమని చెప్పగలను. ఆ పూట మాత్రం చెప్పబుద్ధి కాలేదు. గొడుగు తీసుకుని ఇద్దరం గింబును వెతకడానికి వెళ్ళాం. తొట్టి పక్కన చూశాం, తులసికోట వెనక చూశాం, కట్టెల కుప్ప సందులో చూశాం. రాత్రి అన్నం తింటూ గింబు ఎలా ఉంటుందో అదే చెప్పుకొచ్చింది. మెడ చెంబు మెడలాగే ఉంటుందట. చేతులుండవట. గొంతులో ఎప్పుడూ నీళ్ళు గుడగుడమంటూ ఉంటాయట. పుస్తకంలో మీ అబ్బాయి చూసిన గింబు అదే. నేను చేర్చింది అంబలి ఒక్కటే:

చెంబు పక్కన గింబు ఉన్నది
అంబలంతా తాగి నవ్వును

ఈ మాటలు విని కంగారు పడింది మా మనవరాలు ఒక్కతే కాదు. మా నాయనమ్మ చెప్పిన కథలో పులి కూడా కంగారు పడింది. ఒక పులి వానకు తడవలేక ఊరి చివర ఇంటి చూరు కింద దూరింది. లోపల అవ్వ మనవణ్ణి నిద్రపుచ్చుతూ, “పులీ లేదు గిలీ లేదు, కళ్ళు మూసుకో” అంది. పులి విన్నది. ‘పులి అంటే నేను. మరి గిలి ఎవరు? నాతో సమానంగా పేరు చెప్పుకునేంత గొప్పదా?’ అని వణికిపోయింది. ఆ చీకట్లో ఏది తోకకు తగిలినా గిలి అనే అనుకుని తెల్లవారే లోపు అడవి దాటేసింది. దక్షిణాది భాషల కథల్లో ఈ తమాషా అక్కడక్కడా కనిపిస్తుంది. ద్రావిడ భాషలను పరిశోధించిన ఎం.బి. ఎమెనో 1938లోనే దీని మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. మీ అబ్బాయికి పులి కథ చెప్పండి. గింబు ఎక్కడ ఉంటుందో ఆ తరవాత మిమ్మల్ని అడగడు, వాడే మీకు చెబుతాడు.

*

ప్రశ్న: పప్పూ గిప్పూ, ఉప్పూ గిప్పూ, చెప్పులూ గిప్పులూ అంటాం కదా. గిప్పు ఒకటా, మూడా? మా ఇంట్లో అక్కాతమ్ముళ్ళ మధ్య ఈ విషయం మీద పెద్ద తగవు.
– ఒక తండ్రి, విజయనగరం

ఒకటే. ఇళ్ళు మాత్రం మూడు.

ఉప్పు జాడీ, పప్పు డబ్బా
గిప్పు తిరిగే చోటులన్నీ
చెప్పు లోపల నిద్రపోవును
చప్పుడవ్వదు

ఈ పాట వచ్చాక మా మనవరాలు చెప్పులు దులపకుండా కాలు పెట్టడం మానేసింది. వానాకాలం పురుగూ పుట్రా దూరే రోజుల్లో అది మంచి అలవాటే.

*

ప్రశ్న: ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మీ పుస్తకం చూసి నేనూ పిల్లల కోసం రాయడం మొదలుపెట్టాను. నాలుగు పాదాలకూ అంత్యప్రాస కుదిరింది. అయినా తరగతిలో చదివితే పిల్లలు కదలలేదు. లోపం ఎక్కడుంది?

వంటింట్లో ఒక భూతం ఉంది
అది రాత్రిపూట తిరుగుతుంది
పాత్రలన్నీ దొర్లిస్తుంది
పొద్దున్నే మాయమవుతుంది
– ఒక ఉపాధ్యాయుడు, కరీంనగర్

మాష్టారూ, మీ ఊహ బాగుంది. రాత్రిపూట పాత్రలు దొర్లడం ప్రతి పిల్లా విన్నదే. చిక్కు రెండు చోట్ల ఉంది.

మొదటిది ప్రాస. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. క్రియలు ఎక్కువగా ఉంది, ఇంది, తుంది, తాడు, తారు లాంటి కొద్దిపాటి తోకలతోనే ఉంటాయి. అందుకని మన భాషలో అంత్యప్రాస ఎవరూ వెతకకుండానే వచ్చి పడుతుంది. ‘కరెంటు బిల్లు వచ్చింది, గడువు దాటిపోయింది’ అన్నా ప్రాసే. అంత సులువుగా వచ్చిన దానికి పిల్లల చెవి నిక్కదు. మన పెద్దలు ప్రాసను పాదం మొదట్లో, రెండో అక్షరం దగ్గర పెట్టారు. మొదటి అక్షరం గురువైతే (పలకడానికి రెండు చిటికెల కాలం పట్టేదైతే) అన్ని పాదాల్లోనూ గురువే ఉండాలి, లఘువైతే (ఒక్క చిటికెలో పలికేదైతే) లఘువే. రెండో అక్షరంలోని హల్లు మాత్రం మారకూడదు. పద్యాలకు ఈ నియమం ఎందుకని చిన్నప్పుడు నేనూ విసుక్కున్నాను. గింబు వచ్చాక నాకు తెలిసివచ్చింది.

చెంబు–గింబు, బీరువా–గీరువా, దువ్వెన–గివ్వెన. వీటిని నెమ్మదిగా పలికి చూడండి. పొట్టి అచ్చు ఉన్నచోట గి వస్తుంది, పొడుగు అచ్చు ఉన్నచోట గీ వస్తుంది. అంటే మొదటి అక్షరం బరువు చెక్కు చెదరదు. రెండో అక్షరం ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. ఛందస్సు పుస్తకంలోని ప్రాస నియమం అచ్చంగా ఇదే! అంట్లు తోముకుంటూ “పళ్ళేలూ గిళ్ళేలూ” అనే ఇల్లాలు ఆ నియమాన్ని ఎవరూ నేర్పకుండానే పాటిస్తోంది. ఇంత దగ్గరున్న నిధిని వదిలేసి పాదం చివర ‘ఉంది, తుంది’ అంటూ ఎందుకు తడుముకోవాలి?

రెండో చిక్కు నడక. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు చొప్పున లెక్కిస్తే మీ మొదటి పాదంలో 15 మాత్రలున్నాయి, మిగతా మూడింటిలో 14. లెక్క దాదాపు సరిపోయింది కానీ విరుపు కుదరలేదు. మొదటి పాదం 6, 2, 4, 3గా విరుగుతోంది. రెండోది 2, 3, 3, 6గా. చప్పట్లు కొట్టబోయిన పిల్లవాడికి చెయ్యి ఎక్కడ పడాలో తెలియదు. నా పుస్తకమంతా మూడూ నాలుగూ, మూడూ నాలుగూ అనే నడకలో ఉంది. నాలుగో పాదం అవసరమైతే సగానికే ఆగుతుంది. గురజాడ 1910లో ముత్యాలసరాలకు పట్టిన నడక అది. నూరేళ్ళు దాటినా పిల్లల కాళ్ళకు ఇప్పటికీ సరిపోతోంది.

మీ పాట బాగుపడటానికి కావలసిన సరుకు మీ పాటలోనే ఉంది. రాత్రి, పాత్ర. రెండింటికీ రెండో అక్షరం త్ర. వాటిని పాదాల మొదటికి తెచ్చి, ఆ భూతానికి సెలవిచ్చేయండి. పాత్రలూ గీత్రలూ అంటాం కదా, గీత్రను పిలవండి.

రాత్రి చప్పుడు చేసెనెవ్వరు
పాత్రలన్నీ దొర్లిపోయెను
గీత్ర కాళ్ళకు తగిలి ఉండును

నాలుగోది మీ పిల్లల చేత పూర్తి చేయించండి. ముందు బల్ల మీద మూడు దెబ్బలు, నాలుగు దెబ్బలు వేయించండి. మాట తరవాత వస్తుంది. చేసెను, పోయెను అనే రూపాలు పిల్లలకు అర్థం కావేమోనని సందేహించకండి. పాటలో వస్తే పట్టేసుకుంటారు.

*

ప్రశ్న: మీ పుస్తకం చదివించిన దగ్గరనుంచి మా మనవరాలు సాయంత్రమైతే బీరువా ఉన్న గదిలోకి వెళ్ళడం లేదు. పసివాళ్ళను ఇలా భయపెట్టడం న్యాయమా?
– ఒక నాయనమ్మ, మచిలీపట్నం

పాప భయపడిందంటే నాకూ బాధగానే ఉందమ్మా. మీరు కోప్పడటంలో తప్పు లేదు. ముందు ఆ పాట మొత్తం ఇక్కడ ఇస్తాను:

బీరువా వెనకాల చీకటి
గీరువా తన గోరు గీకును
ఊరుకో అని చెప్పగానే
నోరు మూయును

మొదటి రెండు పాదాలు చదివి పుస్తకం మూసేస్తే ఎవరికైనా భయమే. పాటకు ప్రాణం మూడో పాదంలో ఉంది. ‘ఊరుకో’ అనే మాట పాప చేత అనిపించాలి. వేలు చూపించి, గట్టిగా. అనగానే మీరు టక్కున చదవడం ఆపి నిశ్శబ్దంగా ఉండాలి. ఆ నిశ్శబ్దాన్ని తెచ్చింది తనేనని పాపకు తెలియాలి. మన ఇళ్ళలో బూచివాడు ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలో ఉండేవాడు. అన్నం తినకపోతే పట్టుకుపోతాడు, నిద్రపోకపోతే పట్టుకుపోతాడు. నేను ఆ బూచివాడితోనే పెరిగాను. పదేళ్ళు వచ్చేదాకా రాత్రిపూట పెరట్లోకి ఒంటరిగా వెళ్ళలేదు. గీరువా అలాంటి కొలువు చేయకూడదని పట్టుబట్టి రాశాను. గీరువా పిల్లల మాట వింటుంది, పెద్దల మాట వినదు. దయచేసి “తినకపోతే గీరువా వస్తుంది” అని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. ఎవరైనా అప్పటికే అని ఉంటే పాప భయానికి కారణం అదే కావచ్చు.

రేపు పగటిపూట టార్చిలైటు పాప చేతికే ఇచ్చి బీరువా వెనక చూపించండి. చీపురుపుల్ల, పాత క్యాలెండరు, బూజు, ఏదున్నా పేరు పెట్టి చెప్పించండి. ఇనుప బీరువా అయితే అసలు సంగతి కూడా చెప్పవచ్చు. పగటి వేడికి ఇనుము కొద్దిగా సాగుతుంది. రాత్రి చల్లబడి కుంచించుకుంటుంది. అప్పుడు రేకు టక్కుమంటుంది. ఈ సంగతి తెలిస్తే గీరువా చచ్చిపోతుందని అనుకోవద్దు. పిల్లలు రెండింటినీ ఒకేసారి నమ్మగలరు. మా మనవరాలైతే “గీరువాకు చలేస్తే టక్కుమంటుంది” అని తేల్చేసింది.

వారం రోజుల తరవాత కూడా పాప వెళ్ళకపోతే పుస్తకం పైన పెట్టేయండి. ఏడాది ఆగి తీయండి. ఏ పుస్తకమైనా పిల్లల కంటే గొప్పది కాదు.

*

ప్రశ్న: చివరి పేజీలో అక్షరాలే లేవు. ఒక గిన్నె బొమ్మ, అంతే. అచ్చులో పాట ఎగిరిపోయిందా? అలాగైతే ఆ పాట పంపగలరా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

అచ్చుతప్పు కాదమ్మా, కావాలనే అలా వదిలాను. పుస్తకం రాస్తుండగా నేను ఎక్కువ రోజులు ఆగిపోయిన చోటు అదే కనుక కొంచెం వివరంగా చెబుతాను.

వంటింట్లో ప్రతి వస్తువుకూ జత దొరికింది. చెంబుకు గింబు ఉంది, చీపురుకు గీపురు ఉంది, మంచానికి గించం ఉంది. గిన్నె దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోయింది. గిన్నె పేరు గి తోనే మొదలవుతుంది. దానికి గి తగిలిస్తే మళ్ళీ గిన్నే. ఇంట్లో అందరికీ తోడు ఉండి తనకు మాత్రం లేకపోతే ఎలా ఉంటుంది? అప్పటిదాకా నా దగ్గర పాటలే ఉన్నాయి, కథ లేదు. గిన్నె వల్ల కథ వచ్చింది.

గిన్నెకెవ్వరు లేరు జతగా
నిన్న మొన్నటి నుంచి ఒంటరి
అన్ని మూలలు వెతికి వచ్చెను
చిన్నబోయెను

ఇది 21వ పేజీలో ఉంది. తరవాతి పేజీలో గింబూ గీరువా గివ్వెనా అందరూ వచ్చి గిన్నె చుట్టూ కూర్చుంటారు. ఓదార్చడం ఎవరికీ చేతకాదు. దాని తరవాత ఏం రాయాలా అని నెలన్నర తిరిగాను. గిన్నెకు ఏదో ఒక జతను కల్పించి పెడదామని చూశాను. ఏ పేరు పెట్టినా బలవంతంగానే ఉంది. ఒక మధ్యాహ్నం మనవరాలు పెరుగన్నం తిని, ఖాళీ అయిన స్టీలు గిన్నెను ముఖం మీదికి ఎత్తి పట్టుకుంది. గిన్నె అడుగున దాని ముఖం గుండ్రంగా, ముక్కు పెద్దదై కనిపించింది. అందులోకి చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయింది. చివరి పేజీలో గిన్నెను మళ్ళీ ఒకసారి చూడండి. అడుగున మెరుపులో ఒక పాప ముఖం ఉంది. మామూలు వెలుతురులో చప్పున కనబడదు, కొంచెం వంచి చూడాలి. అక్కడ మాట పెడితే పిల్లలు చెవితో వినేసి ఊరుకుంటారు. నాకు కళ్ళతో వెతకాలని ఉంది. మీ ఇంట్లో పిల్లలుంటే ముందుగా చెప్పేయకండి.

*

ప్రశ్న: హైదరాబాద్‌లో చిత్రకళ చదువుతున్నాను. గింబు రంగు, ఆకారం పాటలో ఎక్కడా చెప్పలేదు. బొమ్మలు వేసినవారికి మీరు విడిగా ఏమైనా రాసి ఇచ్చారా?
– ఒక విద్యార్థిని

ఒక్క ముక్క కూడా రాసి ఇవ్వలేదు. మనవరాలు చెప్పిన నాలుగు మాటలు నోటితో చెప్పాను, అంతే. మన భాషలో రాతా గీతా అంటాం. మొదట్లో దాన్ని కూడా ప్రతిధ్వని పదమనే అనుకున్నాను. చూస్తే గీత తన సొంత అర్థంతో నిలబడి ఉంది! బొమ్మల పుస్తకంలో గీత ఎప్పుడూ రాతకు తోకగా ఉండకూడదని నాకు ఆ మాటే చెప్పింది. రాత చెప్పినదాన్నే గీత మళ్ళీ చెబితే ఒక పేజీ వృథా.

మా చిత్రకారిణి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి జీవికీ దాని వస్తువు నుంచి ఒక్క అవయవమే ఇవ్వాలి. గింబుకు చెంబు మెడ వచ్చింది. గివ్వెనకు దువ్వెన పళ్ళు వచ్చాయి, అవీ రెండు విరిగినవి. గీరువాకు బీరువా పిడి ముక్కు అయింది. గీరువాను పాట ఉన్న పేజీలో ఆవిడ చూపించనే లేదు. బీరువా అంచు మీద నాలుగు వేళ్ళు మాత్రమే వేశారు. పేజీ తిప్పితే అప్పుడు కనిపిస్తుంది, నోటి మీద రెండు చేతులూ పెట్టుకుని. బొమ్మల పుస్తకంలో పేజీ తిప్పడం కూడా ఒక విరుపే. మీరు బొమ్మలు వేసేటప్పుడు విడి కాగితాల మీద వేసి ఊరుకోకుండా, తెల్లకాగితాలు మడిచి కుట్టి, చేత్తో తిప్పగలిగే నమూనా పుస్తకం ముందు చేసుకోండి. రెండు పేజీలకు అడ్డంగా బొమ్మ వేస్తే, మధ్య మడతలో ముఖం పడకుండా చూసుకోండి.

ఇంకొకటి అక్షరాల గురించి. తెలుగు అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. వరసల మధ్య చోటు చాలకపోతే పై వరస ఒత్తు వచ్చి కింది వరస గుడికి తగులుతుంది. మా మొదటి నమూనా ప్రతిలో అదే జరిగింది. గుడిదీర్ఘం చివరి మెలిక ఒత్తులో కలిసిపోయి గీరువా కాస్తా గిరువా అయింది. గికీ గీకీ తేడా మీద నడిచే పుస్తకంలో అది ఎంత పెద్ద నష్టమో చూడండి. అక్షరాన్ని ‘మండలి’ అనే ఖతిలో (ఫాంటులో) పెట్టించి, వరసల మధ్య ఎడం దాదాపు రెట్టింపు చేయించాం. అక్షరాల వెనక బొమ్మ ఏదీ రాకుండా తెల్లగా వదిలించాం. కొత్తగా చదవడం నేర్చుకునే పిల్లలు మెలికలను వేలితో తడుముతూ చదువుతారు. వాళ్ళ వేలికి దారి కనబడాలి.

*

ప్రశ్న: నిఘంటువులో లేని మాటలను పిల్లలకు నేర్పితే భాష పాడవదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

అయ్యా, ఒక్కసారి పిల్లలను పరీక్షించి చూడండి. నాలుగేళ్ళ పిల్లను పిలిచి ‘కుర్చీ’కి జత చెప్పమనండి. గిర్చీ అంటుంది. ‘చీపురు’కు చెప్పమనండి. గీపురు అంటుంది. చీపురుకు గిపురు అన్న పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. గుణింతం ఇంకా దిద్దని పిల్లకు హ్రస్వదీర్ఘాల తేడా చెవిలో అంత కచ్చితంగా ఉంది. ఒక మాటలోంచి మొదటి అక్షరాన్ని విడదీసి ఇంకొకటి అతికించగలిగిన పిల్లకు రేపు పలక మీద గి, గీ రాసి చూపిస్తే కొత్తగా నేర్పేదేముంది? తనకు తెలిసిన శబ్దానికి ఆకారం చూపించినట్టవుతుంది. మీరూ నేనూ బడిలో దీర్ఘాల తప్పులు దిద్ది దిద్ది అలసినవాళ్ళమే. ఈ ఆట మన చేతికి అప్పుడే వచ్చి ఉంటే బాగుండేదని నాకు నిజంగా అనిపిస్తుంది.

*

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఆరేళ్ళు. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే చెబుతుంది. ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులో తెస్తారా?
– ఒక తండ్రి, డల్లాస్

తేలేను బాబూ. కన్నడంలోకి, తమిళంలోకి ఇది హాయిగా వెళుతుంది. వాళ్ళూ హులి గిలి, పులి గిలి అనుకునేవాళ్ళే. హిందీలో చాయ్ వాయ్ అంటారు కనుక అక్కడ గింబు వేరే పేరుతో బతకగలదు. ఇంగ్లీషు ఇళ్ళలో ఈ మాట పుట్టదు. కథను మార్చి రాయవచ్చు కానీ అది వేరే పుస్తకం అవుతుంది.

పైగా మీ అమ్మాయికి అనువాదం అవసరం లేదనుకుంటాను. ఈ ఆటకు కావలసిన తెలుగు ఒకే ఒక్క అక్షరం. మీ ఇంట్లో ఉన్న వస్తువులతోనే మొదలుపెట్టండి. బట్టలు మడతపెడుతూ “సాక్సులూ గీక్సులూ ఎక్కడ?” అనండి. ప్రతిసారీ ఒక సాక్సు తక్కువ వస్తుంది కదా, దాన్ని ఎత్తుకుపోయేది గీక్సు అని చెప్పండి. గీక్సు ఎలా ఉంటుందని అడిగితే మీరు చెప్పకుండా తననే అడగండి. ఏ భాషలో చెప్పినా వినండి. దానితో మాట్లాడాలంటే మాత్రం తెలుగులోనే మాట్లాడాలని, దానికి ఇంకో భాష రాదని చెప్పండి. మా బంధువుల పిల్ల ఒకతె “ఇచ్చెయ్, నా సాక్సు ఇచ్చెయ్” అని వాషింగ్ మెషీన్ ముందు నిలబడి అరవడం వీడియో కాల్‌లో నేను చూశాను. అది ఆ పిల్ల నోట నేను విన్న మొదటి తెలుగు వాక్యం.

*

ప్రశ్న: ఇలాంటి పుస్తకం సొంతంగా వేసుకోవాలంటే?
– ఒక పాఠకుడు, అనంతపురం

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీల లెక్క నాలుగుతో భాగింపబడాలి. 16, 24, 32లో ఒకటి ఎంచుకుని పాటలు దానికి సరిపెట్టుకోండి. పుస్తకాన్ని గుర్తించడానికి ఇచ్చే ఐఎస్‌బీఎన్ సంఖ్య మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి దరఖాస్తు చేసుకోవాలి. రాసినవారి పేరుతోపాటు బొమ్మలు వేసినవారి పేరు కూడా అట్ట మీద అదే పరిమాణంలో ఉండాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు. సొంతంగా అచ్చు వేసే ముందు మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో తెచ్చిన బొమ్మల పుస్తకాలు ఓ ఇరవై ముందు వేసుకుని పిల్లలకు పైకి చదివి చూడండి.

*

ప్రశ్న: ఫ్రిజ్‌కి ఎవరూ లేరా?
– ఏడేళ్ళ పాఠకుడు, విశాఖపట్నం (వాళ్ళ అమ్మగారి ఫోను నుంచి)

ఉన్నారు నాన్నా! పుస్తకం రాసేటప్పుడు మరిచిపోయాను, నువ్వు గుర్తు చేశావు. ఫ్రిజ్జూ గిజ్జూ అంటాం కదా. రాత్రి అందరూ పడుకున్నాక ఫ్రిజ్ దగ్గర గుర్రుమని శబ్దం వస్తుందే, అది గిజ్జే. దానికి బజ్జీలు పడవు, మజ్జిగ కావాలి. మూడు పాదాలు రాసి పంపుతున్నాను:

ఫ్రిజ్జు లోపల గిజ్జు ఉన్నది
బజ్జి పెడితే గుర్రుమన్నది
మజ్జిగిస్తే సద్దుమణిగెను

నాలుగోది పొట్టి పాదం, అది నువ్వు రాయాలి. బల్ల మీద మూడు దెబ్బలు, నాలుగు దెబ్బలు వేసుకో. రెండో అక్షరం జ్జ రావాలి. బొజ్జ ఉంది, గజ్జె ఉంది, సజ్జ ఉంది, ఏది పనికొస్తుందో చూడు. రాశాక ఫ్రిజ్ ముందు నిలబడి పైకి చదువు. గుర్రు ఆగితే నాకు రాయి, ఆగకపోయినా రాయి.